పిడకల దొంతి కింద ఎర్రగింజలు

ఆ కాగితం వారం రోజులు మా డైనింగ్ టేబుల్ మీద పడి ఉంది. ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు డబ్బా పెట్టింది నేనే, ఎగిరిపోతే పీడా పోతుందని కిటికీ తెరిచి పెట్టిందీ నేనే. వెలిమెలలో తొమ్మిదో అంతస్తుకు గాలి బాగానే వస్తుంది. గాలితో పాటు ఈగలూ వస్తున్నాయి, గొడవంతా వాటితోనే. మా అపార్ట్‌మెంట్ల వెనక గోడ అవతల ఒక గేదెల కొట్టం ఉంది. ఈగలు అక్కణ్ణుంచే వస్తున్నాయనీ, పిల్లలు జబ్బు పడుతున్నారనీ, కొట్టాన్ని వెంటనే ఎత్తివేయించాలనీ మునిసిపాలిటీకి రాసిన అర్జీ అది. చివర 'పరిశీలించి ధ్రువీకరించినవారు' అని ఒక గీత, గీత కింద నా పేరు, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు అని. టైపు కూడా చేయించేశారు. నేను చెయ్యాల్సిందల్లా సంతకమే. అసోసియేషన్ సెక్రటరీ మంచి కుర్రాడు, నన్ను చూస్తే కుర్చీలోంచి లేస్తాడు. "మేడం, సంగారెడ్డి కాలేజీలో అన్నేళ్ళు జువాలజీ చెప్పారు. మీ మాటకు ఒక వెయిట్ ఉంటుంది" అన్నాడు. చూస్తాను బాబూ అని పంపేశాను.

చూస్తానన్నాక చూడాలి కదా. మర్నాడే కర్ర ఒకటి పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వెళ్ళాను. నాలుగు గేదెలు, రేకుల కొట్టం, పక్కన ఛాతీ ఎత్తు పేడకుప్ప. పైన ఎండి పెచ్చు కట్టింది గానీ కర్రతో కాస్త పెకలించేసరికి లోపల వెచ్చగా, తడిగా ఉంది. తెల్లని పురుగులు కుతకుతలాడుతున్నాయి. నేనింకా వంగే ఉన్నాను, వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం దేవులాడుతున్నవ్ మేడం? బంగారమేమన్న పడ్డదా?"

కొట్టం మనిషి, బాలమణి. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో గడ్డిమోపు.

"ఈగలమ్మా" అన్నాను.

"ఈగలు బర్ల కాడ ఉండక బ్యాంకు కాడ ఉంటయా?" అంది. గడ్డి వేసి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, తన బాధ చెప్పింది. "ఇంతకు ముందు రైతులు బండ్లు కట్టుకొని వచ్చి ఎత్తుకపోయేటోళ్ళు. ఇప్పుడు పొలాలు ఏడున్నయ్? అన్నీ మీ బిల్డింగులే. ట్రాక్టరోడు నెలకోపారి వస్తడు, రాకుంటే లేదు. కొట్టం తీసెయ్యాలె అంటున్నరట. ఏడికి తియ్యాలె? ఇది మా అత్త జాగ. నలుగురు పిల్లల్ని ఈ బర్లే సాదినయ్."

నేను పైకి వచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. శాస్త్రం ప్రకారం చూస్తే సంతకం పెట్టడానికి నాకు అభ్యంతరం ఉండకూడదు. పురుగులు అక్కడ ఉన్నాయి, కళ్ళారా చూశాను. అయినా పెన్ను పట్టుకుంటే చెయ్యి సాగలేదు. కూర్చోబుద్ధి కాలేదు, పడుకోబుద్ధి కాలేదు. వంటగదిలోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటగదిలోకి తిరిగాను. కళ్ళారా చూసినదాన్ని ధ్రువీకరించిన పాపం ఒకసారి చేసి ఉన్నాను. అప్పుడు నాకు పదిహేడేళ్ళు.

పటాన్‌చెరులో బొల్లారం వెళ్ళే రోడ్డు మీద మా బాపుకు చిన్న హోటల్ ఉండేది. ముందు హోటల్, వెనక రెండు గదుల్లో మేము, ఆ వెనక పెరడు. తెల్లవారకముందే బొగ్గుల పొయ్యి రాజేసేవాడు. మొదట కిరోసిన్ వాసన, తర్వాత పొగ, తర్వాత పెద్ద గిన్నెలో కాగే పాల వాసన, ఆ తర్వాత ఉల్లిగడ్డ. ఈ వరుసను బట్టే నేను మంచం మీద కళ్ళు మూసుకుని పొద్దు ఎంతైందో చెప్పేదాన్ని. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి మళ్ళితే వీటన్నిటి మీదా ముక్కు మండే ఘాటు ఒకటి పరుచుకునేది. నైట్ షిఫ్ట్ దిగినవాళ్ళు కంపెనీ బస్సుల్లోంచి నేరుగా మా బెంచీల మీదికి వచ్చి పడేవారు. పూరీ, చాయ్, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, వారానికి రెండుసార్లు తలకాయ కూర. చేతులు కడుక్కోవడానికి ఒకే డ్రమ్ము, ఒకే మగ్గు. బాపుకు కోపం ముక్కు మీదే ఉండేది గానీ చేతిలో చిల్లర లేదన్న కూలివాణ్ణి చాయ్ తాగకుండా ఎన్నడూ పంపలేదు. ఆయన భయపడేది ఒక్కదానికే. హోటల్ నడవనివాణ్ణి మా వైపు ఈగలు తోలుకుంటున్నాడంటారు. ఆ మాట తన మీద పడకూడదని ఆయన పంతం. మా హోటల్లో జనమూ ఉండేవారు, ఈగలూ ఉండేవి.

ఈగలంటే అలాంటిలాంటివి కావు. పూరీ మీద, పంచదార మీద, నిద్రపోతున్నవాళ్ళ పెదవుల మూల. మా నాయనమ్మకు వాటితో సొంత యుద్ధం ఉండేది. దూలం నుంచి నులక తాళ్ళు నాలుగైదు వేలాడదీసేది. పొద్దుగూకితే ఈగలన్నీ గోడలు వదిలి ఆ తాళ్ళ మీదికి చేరి నల్లగా అతుక్కుపోయేవి. తెల్లవారి చలికి అవి ఇంకా కదలలేని వేళ లేచి, తడి గోనెసంచి నోరు తెరిచి తాడు కింది నుంచి మెల్లిగా పైకి తొడిగి, మూతి బిగించి, పొయ్యిలో దులిపేది. ఈగ వేలాడేదాని మీద రాత్రి గడుపుతుందని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. తర్వాత నేను అదే సంగతి ఇంగ్లీషు పుస్తకంలో చదివి ఆమెకు చెప్పబోతే, "గిది గూడ చదువుకోవాల్నా?" అని నవ్వింది.

నిజానికి నాకు ఈగల పిచ్చి పట్టింది ఆ ఇంట్లోనే. సంగారెడ్డిలో ఇంటర్ చదువుతున్నాను, బస్సులో పోయి రావడం. మా లెక్చరర్ ఒకరోజు, ఈగకు పళ్ళు లేవు, అది గట్టి పదార్థం మీద ఉమ్మి కరిగించి పీలుస్తుంది, రుచి కాళ్ళతో చూస్తుంది అని చెప్పాడు. అందరూ ఛీ అన్నారు, నేను ఇంటికి వచ్చి బెల్లం ముక్క పెట్టుకుని గంటసేపు చూశాను. చిన్న ఈగలు పిల్ల ఈగలనుకునేదాన్ని. రెక్కలొచ్చాక ఈగ ఇక పెరగదని, పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దాని ఒడ్డూ పొడుగూ అని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. మనిషి ఉన్న ప్రతిచోటా అది ఉంటుందట, మంచుదేశాల్లోనూ ఎడారుల్లోనూ. తనంతట తాను ఎగిరేది మైలో రెండు మైళ్ళో, మిగతా లోకమంతా మన బండ్లలో, ఓడల్లో, మన కూరగాయల మూటల్లో తిరిగింది. నేను చాయ్‌పత్తి వచ్చే చెక్కపెట్టె ఒకటి సంపాదించి, ఒక కొసన హోటల్ చెత్త, రెండో కొసన పొడిమట్టి పోసి, పైన పాత వోణీ గుడ్డ కట్టి మంచం కింద పెట్టుకున్నాను. అమ్మ ముక్కు మూసుకుని తిట్టేది.

ఇక రత్తమ్మ పిన్ని సంగతి. మా పెరటి మట్టిగోడకు అవతల ఉండేది. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చారు. మొగుడు ప్రభుత్వ ప్లాంటు కట్టేటప్పుడు కాంట్రాక్టు పనికి వచ్చాడు, పర్మనెంట్ చేస్తారు చేస్తారు అంటూనే ఏళ్ళు గడిచాయి. ఈలోపు ఇల్లు గడిపినవి ఆమె రెండు గేదెలు. మేము బర్లు అనేవాళ్ళం, ఆమె గేదెలనేది. నన్ను పిన్నీ అని పిలవమనేది. చిన్నమ్మా అంటే పలికేది కాదు. మా హోటల్ పాలు ఆమెవే. పొద్దున్నే చెంబు పట్టుకుని నేనే వెళ్ళేదాన్ని. "ఇంకా పితకలేదే ప్రమీలా, కూర్చో, ఈ దూడని కాస్త పట్టుకో" అనేది. గేదె ఈనితే మొదటి జున్ను మాకే. నా జడ ఆమె వేసినంత గట్టిగా మా అమ్మ కూడా వేసేది కాదు. ఆమె పద్ధతి ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. పొద్దున పడిన పేడ మధ్యాహ్నం దాకా నేల మీద ఉండేది కాదు. ఊక కలిపి, పిసికి, గోడ మీద చరిచేది. ఎండినవి ఎండినట్టు మా ఉమ్మడి గోడకు ఆనించి దొంతి పేర్చేది. ఐదు వేళ్ళ గుర్తుతో ఉన్న ఆ పిడకలు మా హోటల్ పొయ్యిలోకి కూడా వచ్చేవి.

ఆ ఏడు తొలకరి పడ్డాక ఈగలు మితిమీరాయి. హోటల్లో తిన్న ఇద్దరికి బేదులు. ఆ తర్వాత బస్తీలో యాదగిరి కొడుక్కి వాంతులు, బేదులు, పిల్లవాడు రెండు రోజులు కళ్ళు తేలేశాడు. యాదగిరి రత్తమ్మ పిన్ని ఉండే ఇంటి యజమాని. శానిటరీ ఆయన ఒకడు వచ్చి బాపుకు వారం గడువిచ్చాడు, ఈగలు తగ్గకపోతే హోటల్‌కు తాళమే అన్నాడు. బాపు ఆ పూట అన్నం తినలేదు. ఆ సాయంత్రమే యాదగిరి బస్తీ వాళ్ళను పోగేసుకుని పిన్ని వాకిట్లోకి వెళ్ళాడు. బాపూ వెళ్ళాడు, ఆయన వెనక నేను.

"అమ్మా రత్తమ్మా, నీ బర్ల పెంటల్నే పుడుతున్నయ్ ఈ ఈగలన్నీ. నా పొల్లగాడు సావు దాంక పొయ్యొచ్చిండు. జెర సోంచాయించు, నువ్వే ఆలోచన జెయ్యి" అన్నాడు యాదగిరి.

పిన్ని చీర చెంగు దోపుకుని నిలబడింది. "ఏ రోజు పేడ ఆ రోజు ఎత్తుతున్నానండీ. చూడండి, నేల ఎలా ఉందో. మచ్చుకి ఒక్క పురుగు చూపించండి, గేదెల్ని నేనే తోలేస్తాను" అంది.

ఆ మాట అనకపోయినా బాగుండేది. వెతికారు. కొట్టంలో లేవు, కుడితి తొట్టి దగ్గర లేవు. చివరికి ఎవరో పిడకల దొంతి లాగేశారు. గోడ మొదట్లో, పిడకల కింద, మెత్తని పొడిమట్టి. పార దిగగానే ఎర్రగింజలు గుప్పిళ్ళకు గుప్పిళ్ళు పైకి వచ్చాయి.

"ఇవేంది, గోధుమలా?" అన్నాడొకడు. పిన్ని కూడా వంగి చూసి, "ఏవో గింజలండీ, ఎలకలు తెచ్చిపెట్టుకున్నాయేమో" అంది.

అక్కడ నోరు తెరవాల్సిన అవసరం నాకు లేదు. ఎవరూ నన్ను అడగలేదు. కానీ ఆ గుంపులో అవేమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, ఆ సంగతి నా నాలుక మీద ఆగలేదు. ముందుకు వెళ్ళి ఒకటి అరచేతిలో వేసుకున్నాను. "ఇవి గింజలు గాదు. ఈగ పురుగు ముదిరినంక గిట్లయితది. దీంట్లకెళ్ళే ఈగ వస్తది" అన్నాను. గోటితో నొక్కి పగలగొట్టి చూపించాను. లోపల తెల్లగా, కాళ్ళు ముడుచుకుని, ఎర్రటి కళ్ళతో కాబోయే ఈగ. అందరూ నా చేతి మీదికి వంగారు. "సూసిన్రా? చదువుకున్న పిల్ల చెప్తున్నది" అన్నాడు యాదగిరి. మా బాపు ముఖం వెలిగిపోయింది, ఎందుకు వెలిగిందో అప్పుడు సగమే అర్థమైంది.

పిన్ని నా వైపు చూసింది. "నిజమేనా ప్రమీలా?"

"నిజమే పిన్నీ" అన్నాను.

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అదే నన్ను ఇన్నేళ్ళూ తినేస్తోంది. ఆమె మాట మీద నిలబడింది. ఎనిమిది రోజుల్లో గేదెల్ని పంపేస్తానని అందరి ముందూ ఒప్పుకుని, చెదిరిన పిడకలను ఒక్కొక్కటే ఏరి మళ్ళీ పేర్చుకుంది.

మూడో రోజున నా చెక్కపెట్టె మూత తీశాను. చెత్తలో ఒక్క పురుగూ లేదు. నాయనమ్మ పారబోసిందనుకుని ఆమెతో కొట్లాడాను. "నీ పురుగుల నేనెందుకు ముడ్త? నా గతి గట్ల కాలిందా?" అని ఆమె నా మీద లేచింది. అప్పుడు రెండో కొసన ఉన్న పొడిమట్టిని పుల్లతో కదిపాను. ఎర్రగింజలు. ఒక్క పురుగు తక్కువ కాకుండా అన్నీ తడి చెత్త వదిలి, పెట్టె పొడవునా పాక్కుంటూ వచ్చి, పొడిమట్టిలో దూరి గింజలైపోయాయి. పుట్టి తిన్నచోట అవి ముదరవు. తిండి చాలనుకున్నాక తడిని వదిలి పొడిని వెతుక్కుంటాయి. క్లాసులో ఈ ముక్క చెప్పారో లేదో నాకు గుర్తులేదు. చెప్పి ఉంటే నేను వినలేదు.

పెరట్లోకి పరిగెత్తాను. మా గోడకు ఇవతల, సరిగ్గా పిన్ని పిడకల దొంతికి ఎదురుగా, మా హోటల్ చెత్త గుంత. గంజి, ఎంగిలి అన్నం, చాయ్‌పిప్పి, కోడి ఈకలు, అన్నీ అందులోనే. బాపు పైపైన బూడిద చల్లేవాడు. కట్టెతో బూడిద పక్కకు నెట్టాను. ఇగ చెప్పేదేముంది. గుంత అంచు దాటి, గోడ కింద వాననీళ్ళు పోవడానికి విడిచిన సందులోంచి, తెల్లని పురుగులు ఒకదాని వెనక ఒకటి అవతలికి పోతున్నాయి. ఆమె వాకిట్లో వాటికి కావలసిన పొడినేల ఉంది, ఎందుకంటే ఆమె అంత శుభ్రంగా ఉంచింది కాబట్టి.

బాపు హోటల్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. పక్కకు పిలిచి చెప్పాను. ఆయన కత్తి కింద పెట్టాడు.

"ఎవ్వలకన్న చెప్పినవా?"

"లే బాపూ."

"చెప్పకు." గొంతు తగ్గించి అన్నాడు. "ఆమె బర్లను ఇంకోతాన కట్టుకుంటది. మనం హోటల్ మూస్తే ఇంకోతాన పొయ్యి పెట్టలేం బిడ్డా. నీ కాలేజి ఎట్ల? నాయినమ్మ మందులెట్ల? నేను పాపాత్ముణ్ణే అనుకో, అనుకొని ఊకో."

మర్నాడు పొద్దున గుంతలో సున్నం పోసి, మట్టి కప్పించేశాడు. అప్పట్నుంచి చెత్త తట్టల్లో ఊరవతలికి పంపించాడు. నాకు ఇంకా ఐదు రోజులు మిగిలాయి. ఐదు రోజుల్లో ఎప్పుడైనా గోడ అవతలికి పోయి రెండు మాటలు చెప్పి ఉండొచ్చు. పొద్దున్నే చెప్దామనుకునేదాన్ని, పొద్దున్నే బస్సు టైమయ్యేది. సాయంత్రం అనుకునేదాన్ని, సాయంత్రం బాపు ముఖం చూసేదాన్ని. నా చదువు పోతుందన్న భయమూ ఉంది, అందరిలో తప్పు చెప్పానని ఒప్పుకోవాల్సిన సిగ్గు అంతకంటే ఎక్కువ ఉంది. ఇన్నేళ్ళకు నిజం చెప్తున్నాను, సిగ్గే ఎక్కువ. బాపు నన్ను బెదిరించలేదు, కొట్టలేదు. నోరు మూసుకున్నది నేనే. ఎనిమిదో రోజున గేదెల బేరగాడు వచ్చి రెంటినీ తోలుకుపోయాడు. ఆ పక్షం తిరిగేలోగా ఈగలు తగ్గాయి, గుంత పూడ్చాక తగ్గక ఏం చేస్తాయి? యాదగిరి మా హోటల్లో చాయ్ తాగుతూ, "సూసినవా, బర్లు పోయినయ్, ఈగలు పోయినయ్" అని పదిమందికి చెప్పాడు. బాపు గ్లాసులు కడుగుతూ ఉండిపోయాడు.

ఆ తర్వాత పిన్ని బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ఊడ్చే పనికి చేరింది. కంపెనీ బస్సు మా హోటల్ ముందే ఆగేది. టిఫిన్ క్యారియర్ పట్టుకుని, జడ గట్టిగా బిగించుకుని ఎక్కేది. సాయంత్రం దిగినప్పుడు ఆమె చీర నుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చేది. ఒకప్పుడు ఆమె దగ్గర పచ్చిగడ్డి, పొదుగు, పొగ వాసన ఉండేది. నేను డిగ్రీ అయ్యాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఏటేటా బోర్డు మీద ఈగ జీవితచక్రం వేశాను. గుడ్డు, పురుగు, గింజ, ఈగ. పురుగు నుంచి గింజకు పోయే బాణం గీత మాత్రం బోర్డు చివరిదాకా పొడుగ్గా గీసి, ఇక్కడ అది ఇల్లు మారుతుంది, ఇది మరిచిపోకండి అని రెండుసార్లు చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవారు. ఎందుకంత పొడుగని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ హోటల్ లేదు, బస్తీ లేదు, బాపు లేడు. పొయ్యి ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం అద్దాల్లో మెరుస్తోంది. అప్పుడు మా అందరికీ ఏ బర్రె పాలు తాగుతున్నామో దాని పేరుతో సహా తెలుసు. ఇప్పుడు మా అంతస్తులో పాలు ప్యాకెట్లో వస్తాయి, గోడ అవతల నాలుగు గేదెలున్నాయని ఈగలు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆ రోజు మేము చేసింది ఘోరమే. అయినా పదిమందిమి ఆమె వాకిట్లోకి పోయి ఆమె కళ్ళ ముందే తవ్వాం. ఆమెను ఒక మాట మాట్లాడనిచ్చాం. ఇప్పుడు బాల్కనీల్లోంచి ఫోటోలు తీసి గ్రూపులో పెడతారు, కాగితం టైపు చేస్తారు, బాలమణిని అడిగినవాడు ఒక్కడు లేడు. నేను ఏది మెరుగో తేల్చుకోలేను. రెండిట్లోనూ నా పేరు ఉంది.

వారం గడిచాక ఒక పొద్దున ఉప్పు డబ్బా తీసి, ఆ కాగితం చింపేశాను. దానికి ముందు ఒక పని చేశాను. మా సెల్లార్‌లో చెత్తడబ్బాల వెనక, నీళ్ళు కారే మూలన, కర్రతో గెలికాను. అక్కడా ఉన్నాయి పురుగులు. తెల్లకాగితం తీసుకుని ఉన్నదున్నట్టు రాశాను. కొట్టం పేడకుప్పలో ఈగలు పుడుతున్న మాట నిజం. మన సెల్లార్‌లో పుడుతున్న మాటా నిజం. పేడను రోజూ ఎండకు పలచగా పరిస్తే పురుగు బతకదు. ఎండిన ఎరువు మన తోటకే పనికొస్తుంది, దాన్ని మనం సంచుల్లో బయట కొంటున్నాం. కొట్టం తీయాల్సిన పని లేదు. సంతకం పెట్టి, సెక్రటరీకి ఇచ్చే ముందు గోడ చుట్టూ తిరిగి వెళ్ళి బాలమణికి మొత్తం చదివి వినిపించాను.

"నా కాడ ఈగలున్నయని రాస్తివి గద" అంది మొదట. ముఖం మాడ్చుకుంది.

"ఉన్నాయి కాబట్టి రాశానమ్మా. కొట్టం ఉండాలని కూడా రాశాను."

కాగితం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "రోజూ ఎండేస్త, నాకేం బరువు. కని ఇట్ల ఎదురుంగ వచ్చి చెప్పినోళ్ళు నువ్వే ఫస్ట్ మేడం. మంచిదానివి" అంది.

ఆ మాట నేను మొయ్యలేకపోయాను. ఇంటికి పోబుద్ధి కాలేదు. సెక్రటరీ చేతిలో కాగితం పెట్టి, గేటు దాటి, షేర్ ఆటో ఎక్కి కొల్లూరు అన్నాను. రత్తమ్మ పిన్నికి కొల్లూరులో ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళలో లాటరీలో ఇల్లు వచ్చిందని, మా అమ్మ పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళు చెప్పారు. రెండేళ్ళయింది ఆ మాట విని. ఆటోలో పోయేంత దూరమే, ఇన్నాళ్ళూ పోలేదు.

లిఫ్ట్ పనిచేయడం లేదు. ఐదంతస్తులు ఆగి ఆగి ఎక్కాను. తలుపు తీసే ఉంది. పిన్ని చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది, జడ మాత్రం అంతే బిగువు. నేను పేరు చెప్పకముందే, "ప్రమీలా? రా, కూర్చో. రొప్పుతున్నావు, మంచినీళ్ళు అక్కడున్నాయి, తీసుకో" అంది.

నీళ్ళు తాగాను. కూర్చున్నాను. అమ్మ గురించి అడిగింది, చెప్పాను. మొగుడు పోయిన సంగతి తను చెప్పింది. అప్పుడిక ఆగలేక, గుంత సంగతి, గోడ కింద సందు సంగతి, చెక్కపెట్టె సంగతి, బాపుకు చెప్పిన సంగతి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. చెప్తూ ఆమె చేతుల వైపే చూశాను. చేతులు ఆగలేదు, ఈనె తీయడం, గిన్నెలో వేయడం.

"నాకు తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి పిన్నీ?"

"మీ నాన్న గుంత పూడ్పించిన రోజునే. ఉత్తపుణ్యానికి పూడుస్తాడా సున్నం పోసి? గోడవతల కూర్చుని పేడ పిసుక్కునేదాన్ని, నాకు వాసన తెలీదా?"

"మరి అందరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవరు వింటారమ్మా? చదువుకున్న పిల్ల పగలగొట్టి చూపించింది, పేడ పిసికే మనిషి కాదంటోందనేవారు. చెప్పాల్సింది నేను కాదుగా, నువ్వు. నీకు తెలిసిపోయిందని కూడా నాకు తెలుసు. మూడో రోజు దాకా పాలకి నువ్వే వచ్చావు, నాలుగో రోజునుంచి మీ అమ్మ వచ్చింది. పిల్లకి తెలిసిపోయింది, వస్తుంది, వచ్చి చెప్తుంది అనుకున్నాను. బేరగాడు పొద్దున్నే వస్తే సాయంత్రం రమ్మన్నాను, నువ్వు కాలేజీ నుంచి వస్తావని."

ఆ సాయంత్రం గేదెల్ని తోలుకుపోతుంటే ఆమె మా గుమ్మానికి ఎదురుగా రోడ్డు మీద చాలాసేపు నిలబడింది. నేను తలుపు సందులోంచి చూశాను. మమ్మల్ని శపిస్తోందనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, నా పెళ్ళిలో, నా కానుపుల్లో, ఏ చిన్న కీడు జరిగినా ఆమె అలా నిలబడటమే గుర్తొచ్చేది. ఇప్పుడు తల వంచుకుని, "ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను పిన్నీ, తలుపు చాటున" అన్నాను.

"తెలుసు" అంది. "తలుపు కింద నీ పరికిణీ అంచు కనపడుతూనే ఉంది. అది కనపడినంతసేపూ నిలబడ్డాను."

తర్వాత మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.